చిన్న, ప్రశాంతమైన పట్టణంలో బతుకు నిజంగా ఎలా ఉంటుంది? ఉంటున్నవాళ్లు, ఉండి వచ్చేసినవాళ్లు చెప్పండి

చివరివీధి
నమస్కారం. చుట్టపుచూపుగా రెండు రోజులు వెళ్లొచ్చినంత మాత్రాన తేలే ప్రశ్న కాదు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

నాకు 48 ఏళ్లు. 22 ఏళ్లుగా ఒకే మహానగరంలో ఉంటున్నాను. కిటికీ తెరిస్తే రహదారి, మూస్తే లిఫ్టు చప్పుడు. అమ్మకు 76 నిండాయి. వినికిడి బాగా తగ్గింది. వినికిడి యంత్రం తీసుకున్నాం కానీ పెట్టుకోదు. ‘అంతా మోతే, మాటలు మాత్రం తెలియవు’ అని తీసి పెట్టెలో పెట్టేస్తుంది. నా ఉద్యోగం ఇప్పుడు ఇంటి నుంచే చేసుకోవచ్చు. 20 వేల జనాభా ఉన్న ఒక పట్టణంలో ఇల్లు చూసి వచ్చాం. ఆ రెండు రోజులూ ఎంత బాగున్నాయంటే, ఆ బాగుండటమే నన్ను భయపెడుతోంది. రెండు రోజులు ఎవరికైనా బాగుంటుంది. నాలుగో నెల ఎలా ఉంటుంది? రెండో ఏడు ఎలా ఉంటుంది? అది తెలిసినవాళ్లు చెబితే వినాలని ఉంది.

రాత్రిబస్సు
తొమ్మిదేళ్లుగా అలాంటి పట్టణంలోనే ఉంటున్నాను. ముందు నిశ్శబ్దం సంగతి చెబుతాను, ఎందుకంటే దాని గురించి నాకు ఎవరూ ముందుగా చెప్పలేదు.

మొదటి రెండు వారాలు నిద్ర పట్టలేదు. నగరంలో రాత్రంతా ఒకే స్థాయిలో ఉండే హోరు చిన్న చిన్న చప్పుళ్లను కప్పేస్తుంది. ఆ దుప్పటి తీసేసరికి గోడ గడియారం, చెక్క తలుపు బిగుసుకోవడం, పక్కింటి కుళాయి, అన్నీ తలదిండు పక్కనే ఉన్నట్టు వినిపించాయి. తరువాత చెవి సర్దుకుంది. శబ్దాన్ని కొలిచే డెసిబెల్ లెక్క మామూలు కూడిక కాదు. 10 డెసిబెల్స్ తగ్గితే శబ్దశక్తి పదో వంతుకు పడిపోతుంది, మన చెవికి మాత్రం సుమారు సగమైనట్టు అనిపిస్తుంది. రాత్రివేళ ఇంటి బయట శబ్దం సగటున 40 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం 2009లో సూచించింది. నగరంలో పెద్ద రోడ్డు పక్కన బతికేవాళ్లకు ఆ అంకె కలలో మాట. ఇక్కడ చాలా రాత్రులు నాకు అది మామూలు సంగతి.

ఇంకొకటి. పగలు ఎప్పుడూ వినపడని దూరపు రైలు కూత రాత్రి స్పష్టంగా వినిపిస్తుంది. చుట్టూ చప్పుడు లేకపోవడం ఒక్కటే దానికి కారణం కాదు. నిర్మలంగా ఉన్న రాత్రి నేల దగ్గర గాలి చల్లబడి, పైన గాలి వెచ్చగా ఉండిపోతుంది. అప్పుడు పైకి పోవలసిన శబ్దం వంగి మళ్లీ నేలవైపే వస్తుంది. ఈ సంగతి చదివిన తరువాత, ఆ కూత వినిపించిన ప్రతిసారీ రేపు ఆకాశం తేటగా ఉంటుందేమోనని అనుకుంటాను.

నీలిగోడ
రాత్రిబస్సు గారు చెవి గురించి చెప్పారు. నేను కళ్ల గురించి చెబుతాను, అంటే ఇతరుల కళ్ల గురించి.

చిన్న పట్టణంలో అసలు మార్పు నిశ్శబ్దం కాదు, మీరు అందరికీ తెలిసిన మనిషి కావడం. నగరంలో డాక్టరు డాక్టరే, బ్యాంకు ఉద్యోగి బ్యాంకు ఉద్యోగే. ఇక్కడ మీ దంతవైద్యుడే మీ ఇంటి యజమానికి తమ్ముడు, మీ పక్కింటి పిల్లకు సంగీతం గురువు, సాయంత్రం నడకలో ఎదురయ్యే మనిషి. ఒకే మనిషితో నాలుగు చుట్టరికాలు. అందుకే ఇక్కడ ఎవరూ మోసం చేయడానికి తొందరపడరు, ఎవరూ గట్టిగా పోట్లాడరు కూడా. ఒక తీగ తెంపితే నాలుగూ తెగుతాయి.

జార్జ్ సిమ్మెల్ అనే జర్మన్ సామాజికవేత్త 1903లోనే నగరవాసి మనసు గురించి రాశారు. లెక్కలేనన్ని మొహాలు, చప్పుళ్లు మీద పడుతుంటే, నగరంలో మనిషి తనను కాపాడుకోవడానికి ఒక అంటీముట్టని ధోరణిని కవచంలా తొడుక్కుంటాడని ఆయన ఉద్దేశం. మీరు 22 ఏళ్లుగా తొడుక్కున్న కవచం అదే. చిన్న పట్టణంలో దాన్ని అందరూ పొగరు అనుకుంటారు. నాకు దాన్ని విప్పడానికి ఏడాదిన్నర పట్టింది. విప్పినందుకు ఒక్కరోజు కూడా బాధపడలేదు.

పాతరేడియో
నేను అలాంటి చోట పుట్టి పెరిగాను, 18 ఏళ్లకు బయటికి వచ్చాను. నీలిగోడ గారు చెప్పిన ‘తెలిసిన మనిషి’ అన్న మాటకు రెండో పక్క కూడా ఉంది.

15 ఏళ్ల వయసులో నేను ఒక తప్పు చేశాను. పెద్దదేమీ కాదు, ఆ వయసులో చాలామంది చేసేదే. ముప్పై దాటాక తిరిగి వెళ్లినప్పుడు కూడా ‘ఆ పని చేసింది నువ్వే కదా’ అని అడిగారు. నవ్వుతూనే అడిగారు. కానీ వాళ్ల దగ్గర నాకు వేరే పరిచయం లేదు. మధ్యలో 16 ఏళ్ల నా చదువు, ఉద్యోగం, నేను పడిన కష్టం, ఏవీ అక్కడికి చేరలేదు. మనిషి మారతాడు, ఊరి జ్ఞాపకం మారదు.

పెళ్లి విఫలమైనవాళ్లు, మానసిక వైద్యం తీసుకుంటున్నవాళ్లు, నలుగురి నమ్మకాలకు భిన్నంగా బతికేవాళ్లు అక్కడ ఎంత జాగ్రత్తగా అడుగులు వేస్తారో నేను చూశాను. మానసిక వైద్యుడి గది ముందు ఎవరి బండి ఆగిందో సాయంత్రానికి అందరికీ తెలుస్తుంది. అందుకని కొందరు అసలు వైద్యానికే వెళ్లరు. ప్రశాంతంగా ఉందని అనుకునే ముందు, ఆ ప్రశాంతత కోసం ఎవరు నోరు మూసుకుంటున్నారో కూడా చూడాలి.

నీలిగోడ
పాతరేడియో గారూ, మీ మాట కాదనను. నేను అక్కడికి 40 దాటాక వెళ్లాను, నా 15 ఏళ్ల వయసు అక్కడ ఎవరికీ తెలియదు. ఆ తేడా నేను ముందే చెప్పి ఉండాల్సింది.

మూడోమలుపు
నేను నర్సుగా చిన్న పట్టణంలో 11 ఏళ్లుగా పనిచేస్తున్నాను. పాతరేడియో గారు చెప్పిన బండి సంగతి నిజం. మా దగ్గర ఒకామె నిద్ర పట్టడం లేదని చెప్పడానికి మూడు నెలలు తటపటాయించింది. అది చెప్పడానికి కూడా నన్ను నడకదారిలో కలిసింది, ఆసుపత్రికి రాలేదు.

నాకైతే సెలవు అనేది ఉండదు. యూనిఫాం విప్పినా నేను నర్సునే. రోడ్డు మీద ఆపి వాపు చూపిస్తారు, మందు చీటీ చదవమంటారు. మొదట్లో విసుగు వచ్చేది. తరువాత ఒక సంగతి గమనించాను. వాళ్లింట్లో ఎవరికి ఏముందో, ఎవరు మందులు మానేశారో, ఎవరు ఒంటరిగా ఉంటున్నారో కేస్ షీటు చూడకుండానే నాకు తెలుసు. నగరంలోని పెద్ద ఆసుపత్రిలో పనిచేసినప్పుడు ఒక్కొక్కరి గురించి ఇంత తెలుసుకునే వీలు ఉండేది కాదు.

చివరివీధి గారికి ఒక మాట. మీ అమ్మగారు వినికిడి యంత్రం తీసేయడం మొండితనం కాదు. యంత్రం మాటతో పాటు చుట్టూ ఉన్న మోతనూ పెంచుతుంది. కొత్త యంత్రాలు మోతను కొంత తగ్గించగలవు కానీ పూర్తిగా విడదీయలేవు. మాట అర్థం కావడానికి మాటకూ మోతకూ మధ్య ఎంత తేడా ఉందన్నదే ముఖ్యం. నిశ్శబ్దమైన గదిలో రోజుకు గంటతో మొదలుపెట్టి కొన్ని వారాలు పెట్టుకోనివ్వండి. మెదడు ఆ కొత్త శబ్దానికి అలవాటు పడటానికి సమయం కావాలి.

చివరివీధి
ఈ సంగతి మాకు ఇంతవరకూ ఎవరూ ఇలా చెప్పలేదు. రెండేళ్లుగా అమ్మను విసుక్కుంటూనే ఉన్నాను.

కొలతబద్ద
చిన్న పట్టణంలో ఏది ఉంటుంది, ఏది ఉండదు అన్నది అదృష్టం మీద ఆధారపడిన విషయం కాదు. జర్మన్ భూగోళవేత్త వాల్టర్ క్రిస్టాలర్ 1933లో దీనికి ఒక సిద్ధాంతం చెప్పారు. ఏ సేవ అయినా నిలబడాలంటే కనీసం ఇంతమంది వాడాలి అన్న గడప ఒకటి ఉంటుంది. ఆ సేవ కోసం జనం ఎంత దూరం రావడానికి ఇష్టపడతారన్న హద్దు ఇంకొకటి. ప్రాథమిక పాఠశాలకు గడప తక్కువ, అందుకే ప్రతి చోటా ఉంటుంది. గుండె శస్త్రచికిత్స నిపుణుడికి లక్షల మంది జనం కావాలి. 20 వేల మంది ఉన్న చోట ఆయన కూర్చుంటే చేతికి పనే ఉండదు, పని లేని చెయ్యి నేర్పు కోల్పోతుంది కూడా.

కనుక ‘ఇంత మంచి ఊళ్లో ఫలానాది లేదేమిటి’ అని తరువాత బాధపడకండి. ఒక కాగితం మీద మీరూ అమ్మగారూ గడచిన రెండేళ్లలో ఏయే సేవలు వాడారో రాయండి. వారానికోసారి వాడేవి అక్కడ తప్పకుండా ఉండాలి. ఏడాదికోసారి వాడేవి రెండు గంటల దూరంలో ఉన్నా ఫరవాలేదు. ప్రమాదమంతా మూడో రకంతోనే. పదేళ్లకోసారి, కానీ నిమిషాల్లో కావలసినవి.

దూరపుకొండ
ఆ మూడో రకం గురించి నేను చెబుతాను, నేను అనుభవించాను కాబట్టి.

మా నాన్నకు చిన్న పట్టణంలో ఉండగా పక్షవాతం వచ్చింది. ఉదయం మాట తడబడింది, కుడి చెయ్యి లేవలేదు. దగ్గరి ఆసుపత్రికి పది నిమిషాల్లో చేర్చాం. నేను ఊపిరి పీల్చుకున్నాను. కానీ అక్కడ స్కాన్ యంత్రం లేదు. మెదడులో రక్తం గడ్డకట్టిందా, రక్తనాళం చిట్లిందా అన్నది స్కాన్ తీస్తే తప్ప తేలదు. అది తేలకుండా గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వరు. ఇవ్వకూడదు కూడా. ఆ ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపల ఇవ్వాలి, ఎంత ముందు ఇస్తే అంత మేలు. పెద్ద రక్తనాళం మూసుకుపోతే మెదడు సగటున నిమిషానికి 19 లక్షల నాడీకణాలను కోల్పోతుందని తరువాత చదివాను. అక్కడి నుంచి ఇంకో ఊరికి పంపడం, వాహనం కోసం ఎదురుచూపు, దారి, అన్నీ కలిపి ఐదు గంటలు దాటాయి.

నాన్న ఇప్పుడు ఎడమ చేత్తో రాస్తారు. ఎవరినీ నిందించడం లేదు. ‘దగ్గర్లో ఆసుపత్రి ఉందా’ అని మాత్రమే అడిగి ఊరుకున్నది నేనే. ‘రాత్రి రెండు గంటలకు స్కాన్ తీసి, ఆ ఇంజెక్షన్ ఇచ్చే ఆసుపత్రి ఎంత దూరం, అక్కడికి ఎవరు తీసుకెళ్తారు’ అని అడగాల్సింది. మీకు 76 ఏళ్ల తల్లి ఉన్నారు. ఇల్లు చూసే ముందు ఈ ప్రశ్నకు జవాబు రాసుకోండి.

చివరివీధి
దూరపుకొండ గారూ, ఇది చదివి కాసేపు ఫోను పక్కన పెట్టేశాను. నాన్నగారికి నా నమస్కారాలు. రేపే కనుక్కుంటాను.

చుక్కలలెక్క
అన్నీ బరువైన మాటలే వచ్చాయి, ఒక్క వెలుగు మాట చెప్పనివ్వండి. వెలుగు లేకపోవడం గురించే.

ఆకాశం ఎంత చీకటిగా ఉందో కొలవడానికి జాన్ బోర్టల్ అనే ఖగోళ పరిశీలకుడు 2001లో తొమ్మిది మెట్ల కొలమానం ఇచ్చారు. ఒకటి అంటే చిక్కటి చీకటి, తొమ్మిది అంటే మహానగరం నడిబొడ్డు. చిన్న పట్టణం అంచున నిలబడితే చాలాసార్లు నాలుగో ఐదో ఉంటుంది. పాలపుంత మసకగానైనా కనిపిస్తుంది. దీపాలన్నీ ఆర్పి 20, 30 నిమిషాలు ఆగాలి, కన్ను చీకటికి అలవాటు పడటానికి అంత సమయం కావాలి. మధ్యలో ఫోను చూస్తే మళ్లీ మొదటికి వస్తుంది. మా అబ్బాయికి తొమ్మిదో ఏట మొదటిసారి పాలపుంత చూపించాను. ‘ఇది రోజూ ఇక్కడే ఉందా’ అని అడిగాడు.

ఇసుకగడియారం
నా ఇబ్బంది వేగంతో. 1976లో ఇద్దరు పరిశోధకులు ఆరు దేశాల్లో 15 ఊళ్లలో జనం నడిచే వేగాన్ని కొలిచారు. జనాభా పెరిగేకొద్దీ నడక వేగం పెరుగుతుందని తేలింది. నేను దాన్ని నా కాళ్లతో నేర్చుకున్నాను. మొదటి నెలల్లో వీధిలో అందరినీ దాటుకుంటూ పోయేవాడిని, ఎక్కడికీ తొందర లేకపోయినా. మరమ్మతుకు వస్తానన్న మనిషి ఆ వారం రాడు, పై వారం వస్తాడు. వచ్చినప్పుడు మాత్రం చెప్పని లోపం కూడా సరిచేసి వెళ్తాడు.

ఉద్యోగం విషయంలో మాత్రం మెల్లగా ఉండకండి. మార్క్ గ్రనోవెటర్ అనే అమెరికన్ సామాజికవేత్త 1973లో చూపించిన సంగతి ఒకటి ఉంది. కొత్త ఉద్యోగాల కబురు ప్రాణస్నేహితుల కంటే ముఖపరిచయం ఉన్నవాళ్ల ద్వారానే ఎక్కువగా అందుతుంది. దగ్గరివాళ్లకు తెలిసినవి మనకూ తెలుసు, కొత్త కబురు బయటినుంచి రావాలి. చిన్న పట్టణంలో దగ్గరి బంధాలు గట్టిపడతాయి, ఈ పలచటి పరిచయాలు ఎండిపోతాయి. ఇంటి నుంచి పనిచేసే మీకు ఆ ఉద్యోగం పోతే అక్కడ రెండోది దొరకదు. నెలకోసారైనా నగరంలోని పాత సహోద్యోగులను కలవండి. ఇంటర్నెట్ లైను రెండు వేర్వేరు సంస్థల నుంచి తీసుకోండి. నేను ఈ రెండూ చేయక ఎనిమిది నెలలు ఖాళీగా ఉన్నాను.

రాత్రిబస్సు
ఒంటరితనం మాట ఎవరూ ఎత్తలేదు. నాలుగో నెల ఎలా ఉంటుందని అడిగారు కదా, నాకు అన్నిటికంటే కష్టమైన నెల అదే. కొత్త మనిషి అన్న కుతూహలం జనానికి తీరిపోయింది, మనవాడు అన్న చనువు ఇంకా రాలేదు. అందరూ పలకరిస్తారు, ఎవరూ ఇంట్లోకి రమ్మనరు. వాళ్ల స్నేహాలు చిన్నప్పటివి. అందులో ఖాళీ కుర్చీ ఉండదు, మనమే తెచ్చి వేసుకోవాలి.

నేను గ్రంథాలయంలో వారానికి రెండు సాయంత్రాలు పుస్తకాలు సర్దే పనికి ఒప్పుకున్నాను. మనుషులను కలవడానికని వెళ్లినప్పుడు ఎవరూ కలవలేదు. పనికని వెళ్లాక కలిశారు. రెండో ఏడు చివర ఒకాయన ఊరెళ్తూ తన ఇంటి తాళం చెవులు నా చేతికిచ్చి, మొక్కలకు నీళ్లు పోయమన్నారు. అంతే. ఆ రోజు మా అన్నయ్యకు ఫోను చేసి ఈ మాట చెబుతుంటే గొంతు పట్టేసింది.

పాతరేడియో
రాత్రిబస్సు గారు చెప్పిన తాళం చెవుల మాట నన్ను కదిలించింది. నేను పుట్టిన చోట అలాంటివారు లేరని కాదు. అప్పుడు నాకు వాళ్లు కనపడలేదు.

అయినా నా సలహా మారదు. వెంటనే ఇల్లు కొనకండి, అద్దెకు ఉండండి. అదీ వాతావరణం బాగా లేని కాలంలో, పండుగలూ సెలవులూ లేని మామూలు నెలలో. మీ అలవాట్లలో అక్కడివారికి వింతగా అనిపించేది ఏదైనా ఉంటే దాచుకోకండి. మొదటి నెలలోనే తెలియనివ్వండి. పదేళ్ల తరువాత తెలియడం కంటే అది మేలు.

చివరివీధి
(ఏడు నెలల తరువాత)

ఇంతమంది ఇంత ఓపికగా రాశారు, ఏమైందో చెప్పకపోతే తప్పవుతుంది.

మొదట దూరపుకొండ గారి ప్రశ్నకు జవాబు వెతికాను. మేము చూసిన పట్టణం నుంచి స్కాన్, ఇంజెక్షన్ రెండూ ఉన్న ఆసుపత్రి రెండు గంటల పైనే. దాన్ని వదులుకున్నాం. మరో పట్టణం చూశాం, కొంచెం పెద్దది, అంత అందంగా ఉండదు. అక్కడి నుంచి 35 నిమిషాలు. పాతరేడియో గారు చెప్పినట్టే అద్దెకు దిగాం, వర్షాల్లో.

నాలుగో నెల గురించి రాత్రిబస్సు గారు చెప్పిందంతా జరిగింది. ఒక ఆదివారం ఎవరితోనూ మాట్లాడకుండా గడిచిపోయింది. నగరంలో కూడా అలాంటి ఆదివారాలు ఉండేవి, కానీ అక్కడ నాకు తెలిసేది కాదు.

అమ్మ సంగతి. మూడోమలుపు గారు చెప్పినట్టు మొదటి వారం గంటసేపు, వెనక గదిలో యంత్రం పెట్టుకుంది. మూడో వారానికి తీయడం మానేసింది. ఇప్పుడు పొద్దున్న లేవగానే పెట్టుకుంటుంది. వరండాలో కూర్చుని దారిన పోయేవాళ్లతో మాట్లాడుతుంది, నాకంటే ఎక్కువమంది పేర్లు ఆమెకే తెలుసు. ఒకరోజు వంటగదిలో నేను నాలో నేను అనుకున్న మాటకు పక్క గదిలోంచి జవాబు చెప్పింది. రెండేళ్లుగా ఆమెతో అరిచి మాట్లాడటం అలవాటైపోయి, నా గొంతు నాకే పెద్దదిగా వినిపించింది.

కష్టం కూడా చెప్పాలి. అయిదో నెలలో యంత్రం పాడైంది. ఇక్కడ బాగుచేసేవారు లేరు, కొలతబద్ద గారి గడప అదే. పంపించి తెప్పించడానికి 19 రోజులు పట్టింది. ఆ 19 రోజులూ అమ్మ వరండాలోకి రాలేదు. నాలుగో రోజున ఇద్దరు వచ్చి ‘పెద్దావిడ కనిపించడం లేదు, ఒంట్లో బాగా లేదా’ అని అడిగారు. వాళ్లిద్దరి పేర్లూ నాకు తెలియవు, అమ్మే తరువాత చెప్పింది. అందులో ఒకావిడ రోజూ సాయంత్రం వచ్చి, ఒక నోటు పుస్తకంలో రాసి చూపిస్తూ అమ్మతో గంటసేపు కూర్చునేది.

ఇప్పుడు రెండో యంత్రం ఒకటి సిద్ధంగా ఉంచుకోవాలని అనుకుంటున్నాను. వాడని యంత్రం పెట్టెలో ఎన్నాళ్లు ఉన్నా ఫరవాలేదా, తేమ తగలకుండా ఏం చేయాలి? మూడోమలుపు గారికి వీలైతే చెప్పగలరా?

మూడోమలుపు
చాలా సంతోషం. బ్యాటరీ విడిగా తీసి పెట్టండి. యంత్రాన్ని తేమ పీల్చే సిలికా జెల్ పొట్లంతో గాలి చొరని డబ్బాలో ఉంచండి, వానాకాలంలో పొట్లం మారుస్తూ ఉండండి. నెలకోసారి ఒక పూట దాన్నే పెట్టుకోమనండి, పనిచేస్తుందో లేదో తెలుస్తుంది. ఆ నోటు పుస్తకం మాత్రం పారేయకండి.